గ్రుయా కోటు, నాలుగో నంబరు ఇల్లు

మే నెల వచ్చేసింది. కాలనీలో పిల్లలు చొక్కాలు కూడా విప్పేసి తిరుగుతున్నారు. టొమిత్సా ఒక్కడే మోకాళ్ళ కిందికి దిగే నల్ల ఉన్నికోటు తొడుక్కుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, చేతిపంపు పక్కన రాయి మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. నుదుటి మీద చెమట ముక్కు మీదికి, ముక్కు మీంచి మీసంలోకి కారుతోంది.

"ఉడికిపోవడం లేదూ మరిదీ?" అంది జంబీలా, బకెట్టు పంపు కింద పెడుతూ. ఆ వారంలో ఆ మాట అడగడం ఐదోసారి.

టొమిత్సా పైబొత్తాం ఊడలేదు కదా అని తడిమి చూసుకున్నాడు. "నా కోసం వేసుకుంటున్నానా వదినా? గ్రుయా కోసం. పైలోకంలో వాడికి ఎండో, మంచో మనకేం తెలుసు? నువ్వేం బెంగపడకు. నేను బతికున్నన్నాళ్ళు వాడి ఒంటి మీంచి ఈ కోటు దిగదు."

బకెట్టు ఎత్తి వాడి నెత్తిన బోర్లించాలనిపించింది జంబీలాకు. ఆ కోటు పోయిన మొగుడు గ్రుయాది. దాని లైనింగులో, ఎడమ చంక కింద, తన చేత్తో తానే కుట్టి దాచిన కాగితం ఉంది. అది చేతికి రాకపోతే కూతురు నార్చీసా పరీక్ష రాయలేదు. పరీక్షకు ఇంక ఆరు వారాలే ఉంది. కాగితం ఎక్కడో పోయిందంటే ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది పోలేదు. రోజూ కళ్ళ ముందే గింజలు కొరుకుతూ తిరుగుతోంది. అడగడానికి మాత్రం నోరు రాదు.

ఎందుకు రాదంటే, మన జాతిలో చచ్చిపోయినవాళ్ళ పేర బట్టలు పెట్టడం ఆషామాషీ వ్యవహారం కాదు. మనిషి పోయిన ఆరు వారాలకు భోజనాలు పెట్టి, పోయినవాడి ఈడువాణ్ణి, ఒడ్డూపొడుగూ కలిసినవాణ్ణి పిలిచి, టోపీ నుంచి బూట్ల దాకా తొడిగి, పోయినవాడి కుర్చీలో కూర్చోబెట్టి, ముందు అతనికి వడ్డిస్తారు. ఇక్కడ అతను తొడుక్కుంటే అక్కడ వీడు తొడుక్కున్నట్టు. పెట్టింది తిరిగి అడిగారో, పోయినవాడి ఒంటి మీంచి ఊడబెరికినట్టే. కట్టుకున్న పెళ్ళామే మొగుణ్ణి పైలోకంలో బట్టల్లేకుండా నిలబెట్టిందంటే, ఇక ఆ మనిషి కాలనీలో తలెత్తుకుని నీళ్ళు పట్టుకోగలదా?

జంబీలా పుట్టింది ఈ బట్టీల పక్కనే. లుతారి పట్టణంలో సగం ఇళ్ళు ఇక్కడి ఇటుకతో లేచినవే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చదువుకున్నవాళ్ళు అంటారు. అడుసు తొక్కకపోతే పొయ్యి వెలగనివాళ్ళకు ఆ సామెత ఎవరు చెప్పాలి? తొమ్మిదో ఏట ఆమెను బడి మాన్పించి మట్టిలోకి దింపారు. "వచ్చే ఏడు మళ్ళీ పంపుదాంలే" అన్నాడు తండ్రి. ఆ వచ్చే ఏడు ఇంతవరకూ రాలేదు. పద్దెనిమిదికి గ్రుయాతో పెళ్ళయింది. అప్పటికి చేతి అచ్చులు పోయి సర్కారు ఇటుకల ఫ్యాక్టరీ వచ్చింది. గ్రుయా బట్టీ కాల్చేవాడు, ఆమె ట్రాలీలు దింపేది. సర్కారు అంటే ఎవరికీ ముద్దేం లేదు. మాట్లాడితే తంటా, మాట్లాడకపోయినా తంటా. కాని పని ఉండేది, జీతం ఉండేది, అన్నిటికీ మించి నాలుగో నంబరు క్వార్టర్ ఉండేది. రెండు గదులు, ఒక పొయ్యి, ముందు ఒక గడప. గడప రాయి మాత్రం గ్రుయా వాగులోంచి మోసుకొచ్చి వేశాడు.

తర్వాత ఆ సర్కారు కూలింది. టీవీలో జనం కావలించుకుని ఏడ్చారు. రెండేళ్ళు తిరక్కుండా ఫ్యాక్టరీకి తాళం పడింది. మొదట ఇంటికి పంపింది మనవాళ్ళనే. గాజోల్ని, అంటే మనవాళ్ళు కానివాళ్ళను, చివర పంపారు. అదీ వాళ్ళకు దక్కిన గౌరవం. కరెంటు తీగలు ఎవరో కోసుకుపోయారు, మళ్ళీ వేసినవాడు లేడు. రైలు గేటు దాటి పోస్ట్‌మాన్ రావడం మానేశాడు. చెత్తబండి కూడా కాలనీకి చెత్త పారబోయడానికి తప్ప ఎత్తుకెళ్ళడానికి రాలేదు. ఇళ్ళు లాక్కుంటారన్న పుకారు వచ్చిన రోజున జంబీలా, క్వార్టర్ ఇచ్చినప్పటి కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గ్రుయా పెళ్ళికోటు లైనింగు విప్పి లోపల పెట్టి, రెండు వరసల కుట్టు వేసింది. ఇల్లు కాలినా, వరదొచ్చినా మొగుడు ఒంటి మీద కోటుతో బయటికి పరుగెత్తుతాడు కదా అని ఆమె లెక్క. లెక్క బాగానే ఉంది. మొగుడే పోతాడని మాత్రం అందులో లేదు.

గ్రుయా పోయినేడు నవంబరులో పోయాడు. ఊపిరితిత్తుల నిండా బట్టీ దుమ్ము. ఆరు వారాల భోజనాల నాడు, ఏడ్చి ఏడ్చి కళ్ళు కనపడని స్థితిలో, జంబీలాయే ఆ కోటు దులిపి టొమిత్సాకు తొడిగింది. ఆ క్షణాన ఆమెకు చలి తప్ప ఏమీ గుర్తులేదు. మట్టి గడ్డకట్టి ఉంది, గ్రుయాకు చలేస్తుందని ఒకటే దిగులు.

కాగితం సంగతి ఏప్రిల్లో గుర్తొచ్చింది. అదీ బడివాళ్ళ చీటీ వల్ల.

నార్చీసాకు పద్నాలుగేళ్ళు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు పుట్టిన పిల్ల. కొవ్వొత్తి వెలుగులో చదివి, చివరి బల్లలో కూర్చుని, ఎవరూ అడక్కపోయినా లెక్కలు చేసి పారేసే రకం. ఎనిమిదో తరగతి పెద్దపరీక్ష పాసైతే జిల్లాలో నర్సుల హైస్కూలు ఉంది, దానికి హాస్టలుంది, హాస్టల్లో మంచం ఉంది. బడిలో ఇచ్చిన చీటీలో నీలం పెన్ను, నీళ్ళ సీసా, గుర్తింపు కార్డు అని రాశారు. కార్డు లేనివాళ్ళను గేటు దాటనివ్వరు. పిల్లకు కార్డు కావాలంటే ముందు తల్లికి ఉండాలి. తల్లి దగ్గర పాత సర్కారు నాటి చిన్న గుర్తింపు పుస్తకం ఉంది. అందులోని దేశం పేరు కూడా ఇప్పుడు చెల్లదు.

నమోదు కార్యాలయంలో మూడు గంటలు నిలబడితే కిటికీ దగ్గరికి పిలుపొచ్చింది. మధ్యలో వచ్చిన గాజోలను కాపలావాడు కుర్చీల్లో కూర్చోమన్నాడు, ఆమెను తలుపు పక్కన నిలబడమన్నాడు. కిటికీలో వియోరికా మేడమ్ తలెత్తలేదు.

"ఎక్కడుంటావు?"

"ఇటుకల కాలనీ, నాలుగో నంబరు మేడమ్."

"అక్కడ ఇళ్ళు లేవు."

"ఉన్నాయి మేడమ్. పొద్దున నేను అందులోంచే వచ్చాను."

"రికార్డులో లేవు. రికార్డులో అది ఖాళీ స్థలం. ఇల్లుందని కాగితం తీసుకురా, అప్పుడు చూద్దాం."

"ఆ కాగితం ఇమ్మని ఎక్కడ అడగాలి?"

"మున్సిపాలిటీలో."

అదే భవనంలో మెట్లు ఎక్కి పై అంతస్తుకు వెళ్తే మున్సిపాలిటీ. అక్కడివాడు అన్నాడు, "ముందు నీ గుర్తింపు కార్డు చూపించు."

జంబీలా మెట్ల మీద కూర్చుని రెండు చేతులా తల పట్టుకుంది. మెట్ల పక్కన గోడకు సున్నం ఊడి ఇటుక బయటపడింది. దాని మీద ఫ్యాక్టరీ ముద్ర ఉంది. ఈ గోడ రికార్డులో ఉంది, ఇటుక కాల్చినవాడి ఇల్లు మాత్రం లేదు! అప్పుడు గుర్తొచ్చింది కోటు.

అదిగో అప్పటినుంచీ ఆమె టొమిత్సా చుట్టూ తిరుగుతూనే ఉంది. అడక్కూడదు, అతనంతట అతనే ఇవ్వాలి. "లైనింగు చిరిగినట్టుందే, ఇలా ఇస్తే కుట్టి ఇస్తాను" అంది ఒకరోజు. చిరగలేదు, నీ కుట్టు చిరుగుతుందా వదినా అన్నాడు. "ఉతికి ఆరేస్తాను, నాఫ్తలీను ఉండల వాసన పోతుంది" అంది మరోరోజు. గ్రుయా వాసన పోతుందని అతను ఒప్పుకోలేదు. ఎండగా ఉంది కదా అంటే ఇంకో బొత్తాం పెట్టుకున్నాడు. తన విశ్వాసాన్ని పరీక్షిస్తోంది అనుకున్నాడు ఆ పిచ్చి మారాజు! ఎంత అడిగితే అంత గట్టిగా పట్టుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వినపడక ఊరుకుంటాడు, ఇతను ఊదేకొద్దీ పొంగిపోతున్నాడు.

ఐదోసారి కూడా అయిపోయాక, పంపు దగ్గర, బకెట్టు నిండి నీళ్ళు కాళ్ళ మీదికి పొర్లుతుంటే, జంబీలా ఓపిక తెగింది.

"నీ బొత్తాలు తగలెయ్య! ఆ కోటు లోపల నా ఇంటి కాగితం ఉందిరా బాబూ. నాకు కావాలి. అడుగుతున్నాను, విను, నోరు తెరిచి అడుగుతున్నాను!"

టొమిత్సా నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది. చుట్టుపక్కల నాలుగు గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చాయి. అందరికన్నా పెద్దది సాఫ్తా పెద్దమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఏంటే అన్నావు? పెట్టింది తిరిగి అడిగావా? సిగ్గులేదటే? అక్కడ గ్రుయా ఒంటి మీద ఏముంటుందే?"

"కాగితం పెద్దమ్మా, కోటు కాదు. కాగితం!"

"కోటుతో పోయింది కోటుదే. ఆ కాగితం కూడా వాడితోనే పోయింది. అక్కడ వాడికి ఇల్లు కావద్దా?"

"ఆహా! ఆయనకు అక్కడ నాలుగో నంబరు, నాకిక్కడ ఖాళీ స్థలమా? భలే న్యాయం చెప్పావు! ముప్పై ఏళ్ళు కలిసి తొక్కాం మట్టి. ఆయన కూతురు గేటు బయట నిలబడితే ఆయన అక్కడ కోటేసుకుని హాయిగా నిద్రపోతాడా? పోతే పోనీ. కలలోకొచ్చి నన్ను అడగమను, నేను చెప్పుకుంటాను సమాధానం. మీరెవరూ చెప్పక్కర్లేదు!"

టొమిత్సా లేచాడు. కోటు దుమ్ము దులుపుకున్నాడు. ఎంతో ఆలోచించి, ఒక్కో బొత్తాం విప్పి, రెండు చేతులూ బార్లా చాపి పొలంలో దిష్టిబొమ్మలా నిలబడ్డాడు.

"కోటు నా ఒంటి మీంచి దిగదు. దిగితేనే తప్పు. దిగకుండా ఏం చేసుకుంటావో చేసుకో వదినా."

సాఫ్తా పెద్దమ్మ కర్రతో నేల మీద ఓ గీత గీసి, ఉమ్మేసి, వెళ్ళిపోయింది. ఒప్పుకున్నట్టో కానట్టో ఎవరికీ తెలియలేదు. జంబీలా బ్లేడు తెచ్చి, అతని చంక కింద దూరి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆనాడు భయంతో వేసిన కుట్లు, ఒక్కటీ తేలిగ్గా రాలేదు. కోటులో పైపైన టొమిత్సా వెల్లుల్లి వాసన, దాని కింద ఇంకా గ్రుయా పొగాకు వాసన. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది, ఏడుపు వచ్చినందుకు కోపమూ వచ్చింది.

"చక్కిలిగిలి పెట్టకు వదినా!" అని మెలికలు తిరిగాడు టొమిత్సా.

"కదిలావంటే కోస్తాను."

కాగితం చెక్కుచెదరకుండా ఉంది. గుండ్రటి నీలం ముద్ర, ఇద్దరి పేర్లు, క్వార్టర్ నంబరు నాలుగు. జంబీలా దాన్ని జాకెట్లో పెట్టుకుని, సూది ఎక్కించి, కోటు అతని ఒంటి మీదుండగానే లైనింగు మళ్ళీ కుట్టింది. వదిలేస్తే గ్రుయాకు గాలి దూరుతుంది కదా.

ఆ రోజు నుంచి కాలనీలో ఆడవాళ్ళు ఆమెను చూసి బకెట్లు తీసేసుకోవడం మొదలుపెట్టారు. గ్రుయా కలలోకి వచ్చి నిలదీస్తాడని ఆమె ఎదురుచూసింది. రాలేదు. ఆ మహానుభావుడు బతికున్నప్పుడూ పిలిస్తే పలికే రకం కాదు.

ఇంత అవమానం పడి తెచ్చిన కాగితాన్ని వియోరికా మేడమ్ చేత్తో ముట్టుకోలేదు. పెన్సిలు కొసతో తిప్పి చూసి, పెన్సిలు కొసతోనే వెనక్కి నెట్టింది.

"ఈ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు."

"ఫ్యాక్టరీ లేదు మేడమ్. ఇల్లు ఉంది."

"లేని ఫ్యాక్టరీ ఇచ్చిన కాగితం ఎలా చెల్లుతుంది? దాన్ని కొన్న కంపెనీ నుంచి ధ్రువీకరణ తీసుకురా."

కంపెనీ గేటు దగ్గర కాపలావాడు కుక్కను వదల్లేదు, అదే గొప్ప. లోపలికెళ్ళి అడిగొచ్చి, స్థలం మాది, ఇళ్ళు మావి కావు, మున్సిపాలిటీవి అని చెప్పాడు. మున్సిపాలిటీలో అడిగితే ఇళ్ళు కంపెనీవి, మావి కావు అన్నారు. ఇద్దరూ కాదంటే ఆమె ఎవరి ఇంట్లో ఉంటున్నట్టు? ఈ ప్రశ్న ఆమె నాలుగు కిటికీల దగ్గర అడిగింది. నాలుగు చోట్లా గొంతు తగ్గించమన్నారు.

అసలు ఈ మనుషులకు గొంతే వినపడుతుంది, మాట వినపడదు. అది మనకు కొత్త కాదు.

జూన్ మొదటి వారంలో ఇద్దరు పోలీసులను వెంటేసుకుని మున్సిపాలిటీ మనిషి వచ్చాడు, జంబీలా తలుపు మీద జిగురు పూసి ఓ కాగితం అంటించాడు. కింద సగం చింపి, "ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు. ఆమె అలవాటు ప్రకారం తలుపు వేసుకుంది. అతనూ అలవాటు ప్రకారం తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఖాళీ చేయమనే నోటీసులు కాలనీకి కొత్తేం కాదు. సంతకం పెట్టనంతకాలం అందనట్టే అని టొమిత్సా ఎప్పుడో జైల్లో పక్క మంచంవాడి దగ్గర నేర్చుకొచ్చాడు. అప్పటినుంచీ జిగురు ఆరకముందే పీకి పొయ్యిలో పెట్టడం అందరికీ రివాజు. పదిహేనేళ్ళుగా ఇళ్ళు నిలబడి ఉన్నది ఆ ఒక్క తెలివి మీదే.

ఈసారి నోటీసు ఒక్క నాలుగో నంబరుకే. కంపెనీవాళ్ళ కొత్త గోదాముకు లారీలు మలుపు తిరగాలట, ఆ మలుపుకు ఈ ఇల్లు అడ్డం. జంబీలా కాగితం పీకి, పొయ్యి మూత తీసింది. మొక్కజొన్న సంకటి కుండ కింద మంట తగ్గింది, కాగితం వేస్తే రాజుకుంటుంది.

"ఏం రాశాడో చదివి పారేద్దాం అమ్మా," అంది నార్చీసా. తీసుకుని గట్టిగా చదివింది. "శ్రీమతి మోల్దొవాన్ జంబీలాకు. ఇటుకల కాలనీ, ఇంటి నంబరు నాలుగు..."

జంబీలా చేతిలో పొయ్యి మూత ఆగిపోయింది. "మళ్ళీ చదువు."

"శ్రీమతి మోల్దొవాన్..."

"అది కాదు. ఆ తర్వాత."

"ఇటుకల కాలనీ, ఇంటి నంబరు నాలుగు. అందులో నివసిస్తున్న మీరు..." నార్చీసా కూడా ఆగిపోయింది. కాగితం కింద సింహం బొమ్మ ఉన్న మున్సిపాలిటీ ముద్ర ఉంది.

కార్డు ఇవ్వాల్సి వచ్చినప్పుడు లేని ఇల్లు, కూల్చాల్సి వచ్చేసరికి నంబరుతో సహా దొరికింది! జంబీలా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగక నార్చీసా భయపడి నీళ్ళు తెచ్చింది.

చిక్కల్లా ఒక్కటే. కింద సగం మీద సంతకం పెట్టి అందుకున్నట్టు ఒప్పుకుంటేనే ఆ నోటీసు పూర్తి కాగితం. ఒప్పుకున్న రోజు నుంచి ముప్పై రోజుల గడువు. సంతకం పెట్టకపోతే ఇల్లుంటుంది, కార్డుండదు. పెడితే కార్డుంటుంది, ఇల్లుండదు.

టొమిత్సా పరుగున వచ్చాడు. కోటు కొసలు ఎగురుతున్నాయి. "పిచ్చిపట్టిందా వదినా? నీ చేత్తో నువ్వే సంతకం పెడతావా? గ్రుయా కాల్చిన ఇటుక, గ్రుయా మోసుకొచ్చిన గడప..."

"తెలుసు."

"తెలిసీ?"

నార్చీసా మధ్యలోకి వచ్చింది. "వద్దమ్మా. ఇల్లు పోతే ఎక్కడుంటావు? పరీక్ష ఎక్కడికీ పోదు. నేను వచ్చే ఏడు రాస్తాను."

జంబీలా చెయ్యెత్తింది. జీవితంలో ఎన్నడూ కొట్టని పిల్ల మీదికి ఎత్తింది, ఎత్తిన చెయ్యి తన నోటి మీదే పెట్టుకుంది. తర్వాత చెయ్యి దించి అంది.

"ఆ మాట ఈ ఇంట్లో అనకు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నా అదే అన్నాడు. వచ్చే ఏడు. నలభై మూడేళ్ళయింది తల్లీ, నేనింకా దాని కోసమే చూస్తున్నాను. ఇల్లు ఇటుకే కదా. ఇటుక చేయడం నాకు వచ్చు. నిన్ను మళ్ళీ చేయడం నాకు రాదు."

మర్నాడు తానే మున్సిపాలిటీకి వెళ్ళి సంతకం పెట్టింది. నోటీసు అంటించినవాడు కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. అతని ఉద్యోగంలో కాలనీ నుంచి సంతకం దొరకడం అదే మొదటిసారి. అక్కడినుంచి కింది అంతస్తు కిటికీకి.

"మళ్ళీ వచ్చావా?" అంది వియోరికా మేడమ్.

"ఇంటి కాగితం తెచ్చాను."

మేడమ్ ఈసారి పెన్సిలు మర్చిపోయి చేత్తోనే తీసుకుంది. రెండుసార్లు చదివింది. "ఇది కూల్చివేత నోటీసు."

"దేన్ని కూలుస్తారట మేడమ్?"

"ఇంటిని."

"ఎవరి ఇంటిని?"

మేడమ్ కాగితం తిరగేసి చూసింది.

"ఎక్కడుందట అది? చదవండి మేడమ్, నాకు చదువు సరిగ్గా రాదు."

కాగితం పట్టుకుని మేడమ్ లోపలికి వెళ్ళింది. లోపల పెద్దాయన గొంతు వినపడింది, "ముద్ర మనదే కదా, ఇంకేం చేస్తాం?" అని. తిరిగొచ్చి కూర్చుని, ముఖం చూడకుండా టైపు చేసింది. ముందు తల్లికి, రెండు వారాలకు కూతురికి, పరీక్షకు నాలుగు రోజుల ముందు కార్డులు చేతికొచ్చాయి. ఇస్తూ మేడమ్ అంది, "ఇల్లు మారితే పదిహేను రోజుల్లో వచ్చి చెప్పాలి. లేకపోతే జరిమానా."

"ఇల్లు మారదు మేడమ్. ఇల్లే పోతుంది. దానికీ జరిమానా ఉందా?"

మేడమ్ కిటికీ మూసేసింది.

పరీక్ష రోజున గేటు దగ్గర కాపలావాడు నార్చీసాను చూశాడు, కార్డును చూశాడు, మళ్ళీ నార్చీసాను చూశాడు, వెలుగులో పెట్టి కార్డును గోకి కూడా చూశాడు. ముందు వెళ్ళిన పిల్లల కార్డులు ఎవరివీ గోకలేదు. జంబీలా రోడ్డు అవతల నిలబడి పళ్ళు కొరుక్కుంది. చివరికి పక్కకు తప్పుకున్నాడు. నార్చీసా వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది. అలా పొమ్మని తల్లే చెప్పింది.

జూలై మొదట్లో యంత్రం వచ్చింది. నాలుగో నంబరు పడిపోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గోడలు పడ్డాయి గాని ఇటుకలు పెద్దగా విరగలేదు, గ్రుయా చేయి అటువంటిది. సామాను టొమిత్సా ఇంట్లోకి చేరింది. మర్నాటి నుంచి జంబీలా కుప్ప మీద కూర్చుని, చిన్న సుత్తితో ఇటుకలకు అంటిన పాత సున్నం రాల్చి, పక్కన పేర్చడం మొదలుపెట్టింది. లారీల మలుపుకు అవతల, సాఫ్తా పెద్దమ్మ ఇంటి వెనక కాస్త జాగా ఉంది. ఆ జాగా చూపించింది పెద్దమ్మే. చూపించి, "గ్రుయా నా కల్లోకొచ్చాడే. కోటేసుకునే ఉన్నాడు" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. టొమిత్సా ఇటుకలు మోస్తున్నాడు, ఎండలో, కోటుతోనే. విప్పమని ఎవరూ అనలేదు. అనడం వల్ల లాభం లేదని అందరికీ తెలుసు.

మూడో వారంలో ఓ సైకిలు రైలు గేటు దాటి వచ్చింది. పదిహేడేళ్ళలో కాలనీలోకి పోస్ట్‌మాన్ రావడం అదే మొదలు. కుర్రవాడు, ఉద్యోగానికి కొత్త, దారి తెలియదు. గోతులు తప్పించుకుంటూ వచ్చి, సైకిలు దిగి, చేతిలో కవరు చూసుకుంటూ ఇటుకల మధ్య నిలబడ్డాడు.

"ఇటుకల కాలనీ నాలుగో నంబరు ఎక్కడ? మోల్దొవాన్ నార్చీసా పేరుతో వచ్చింది. నర్సుల హైస్కూలు నుంచి."

జంబీలా సుత్తి పక్కన పెట్టింది. "ఇదే."

కుర్రవాడు చుట్టూ చూశాడు. కుప్ప, దుమ్ము, కోటేసుకుని చెమటలు కక్కుతున్న ఓ మనిషి. "ఇక్కడ ఇల్లు లేదు కదా?"

"రికార్డులో ఉంది," అంది జంబీలా. "కవరు మీద చూసుకో."

అతను కవరు మీది అడ్రసు చూశాడు, తర్వాత ఆమె జేబులోంచి తీసి చూపించిన కార్డు చూశాడు. రెండూ సరిపోయాయి. ఏం చేయాలో తోచక కవరు ముందుకు చాపాడు. జంబీలా చేతులు పావడాకు తుడుచుకుని లేచి రెండడుగులు వేసింది, అతని కాళ్ళ కేసి చూసి ఆగింది.

"ముందు పక్కకు జరుగు నాయనా," అంది. "గడప మీద నిలబడ్డావు."